రోజువారీ పనికి బ్యాటరీ మిషన్లు: విశాఖలో నేను ఏ బ్రాండ్ దగ్గర ఆగాను, ఎందుకు ఆగాను

ముందే చెప్పేస్తాను. నేను రోజూ పనికి వాడేది బాష్ నీలం రంగు 18 వోల్టుల మిషన్లు, స్క్రూల పనికి అదే కంపెనీ 12 వోల్టుల చిన్న డ్రిల్. దీనికంటే మకీటా మంచిది అని ఎవరైనా అంటే నేను వాదించను, చేతిలో పట్టుకున్నప్పుడు మకీటా బరువు కూర్చునే తీరు నాకూ ఇష్టమే. అయినా బాష్ దగ్గర ఎందుకు ఆగానో, కొత్తగా కొనేవాళ్ళు ఏం చూసుకోవాలో రాస్తున్నాను, ఎందుకంటే వారానికి ఒకరైనా ఫోన్ చేసి "అన్నా, ఏ కంపెనీ తీసుకోమంటావు" అని అడుగుతున్నారు, ఫోన్లో రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు ఇది.

నా పని ఇంటీరియర్ ఫిట్టింగ్. మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్లు, కర్టెన్ రాడ్లు. ఎక్కువగా మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ, అప్పుడప్పుడు గాజువాక, కూర్మన్నపాలెం వైపు. నాతో ఇద్దరు కుర్రాళ్ళు పనిచేస్తారు. ఇది శనివారం ఇంట్లో ఒక మేకు కొట్టుకునేవాళ్ళ కోసం రాసింది కాదు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా మిషన్ చేతిలో ఉండేవాళ్ళ కోసం.

బ్యాటరీ మిషన్ల మీదకు నా మనసు మళ్ళింది హుద్‌హుద్ అప్పుడు. 2014 అక్టోబర్ 12న తుపాను ఊరి మీద పడింది. ఆ తర్వాత సిగ్నల్ వచ్చినప్పుడల్లా ఒకటే కాల్స్, కిటికీ ఊడిపోయింది, తలుపు బిగుసుకుపోయింది, బాల్కనీ అద్దం తలుపు ఎగిరిపోయింది, ఒకసారి రా బాబూ అని. పని బోలెడు ఉంది, నా సంచిలో ఉన్నవన్నీ వైరు మిషన్లే, కరెంట్ లేదు. సీతమ్మధారలో ఒక పెద్దావిడ ఇంట్లో కిటికీకి ప్లైవుడ్ బిగించాలి. చేత్తో స్క్రూడ్రైవర్ తిప్పుతుంటే ఇరవై స్క్రూలకే అరచేయి బొబ్బలెక్కింది, పక్క ఫ్లాట్లో ఎవరో ఏసీ మెకానిక్ చిన్న బ్యాటరీ డ్రిల్‌తో అదే పని పది నిమిషాల్లో ముగించి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ రోజే అనుకున్నాను కొనాలని.

కొన్నది మరుసటి ఏడాది. ధర చూసి, రంగు చూసి, పెట్టెలో రెండు బ్యాటరీలు ఇస్తున్నారని చూసి కొన్నాను. కంపెనీ పేరు రాయను. మిషన్‌లో లోపం లేదు, బాగా తిరిగేది. ఎనిమిదో నెలలో ఒక బ్యాటరీకి చార్జ్ ఎక్కడం మానేసింది. అమ్మిన షాపుకి పట్టుకెళ్తే "మాది అమ్మకం వరకే మేస్త్రీ, సర్వీస్ వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. ఆ సర్వీస్ మన ఊళ్ళో లేదు, హైదరాబాద్ పంపాలి. పంపాను. ఐదు వారాలు పట్టింది, మధ్యలో నేను చేసిన ఫోన్లకు లెక్కలేదు. రెండో బ్యాటరీ ఒక్కదాంతోనే నెట్టుకొచ్చాను, అది అయిపోతే చార్జ్ ఎక్కేదాకా ముగ్గురం గోడకి ఆనుకుని కూర్చోవడం, కుర్రాళ్ళ కూలి మాత్రం నేను ఇచ్చుకోవడం. ఆ ఐదు వారాల్లో పోయిన కూలి లెక్కేస్తే ఇంకో కిట్ వచ్చేది.

అందుకే ఇప్పుడు నన్ను ఎవరడిగినా టార్క్ (తిప్పే బలం) ఎంత, ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఎంత అనే మాటకంటే ముందు ఇది అడుగుతాను: ఈ బ్యాటరీ పోతే రేపు పొద్దున విశాఖలో ఎక్కడ దొరుకుతుంది? డాబాగార్డెన్స్, సూర్యాబాగ్ వైపు నాలుగు షాపులు తిరిగి, మిషన్ కాకుండా విడి బ్యాటరీ ఉందా అని అడగండి. గాజువాకలో కూడా అడగండి. మూడు షాపుల్లో అరలోంచి తీసి బల్ల మీద పెట్టారంటే ఆ బ్రాండ్ రోజువారీ పనికి పనికొస్తుంది. "ఆర్డర్ పెడితే వస్తుందండీ" అన్నారంటే మిషన్ ఎంత గొప్పదైనా మీ పని ఆగిపోయే రోజు ఒకటి ఉందని అర్థం. నేను తిరిగినప్పుడు బాష్ 18 వోల్టుల బ్యాటరీ అడిగిన చోటల్లా కనిపించింది. సర్వీస్ ఊళ్ళోనే ఉంది. ఒకసారి డ్రిల్ చక్, అంటే బిట్ పట్టుకునే మూతి, లూజ్ అయితే ఇచ్చి మూడో రోజు తెచ్చుకున్నాను.

ఇంకో కారణం ఉంది, ఇది ఏ ప్రకటనలోనూ రాయరు. సైట్‌లో నేనొక్కడినే ఉండను కదా, ఏసీ వాళ్ళు, ఎలక్ట్రీషియన్లు, ఫాల్స్ సీలింగ్ వాళ్ళు అందరూ ఉంటారు. నేను వెళ్ళే సైట్లలో సగం మంది దగ్గర అదే నీలం బ్యాటరీ ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకి నా బ్యాటరీ అయిపోయి ఇంకా నాలుగు హింజస్ మిగిలితే, కింద ఫ్లోర్‌లో ఉన్నతన్ని "తమ్ముడూ, ఒక పది నిమిషాలు ఇస్తావా" అని అడిగి పని ముగించుకుని వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. నేనూ అలాగే ఇస్తాను. మీ చుట్టూ పనిచేసేవాళ్ళ దగ్గర మకీటా ఎక్కువగా ఉంటే మీరు మకీటాయే తీసుకోండి, అందులో ఆలోచించాల్సింది లేదు.

ఇప్పుడు వోల్టుల గురించి. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. 18 వోల్టుల బ్యాటరీలో ఐదు లిథియం సెల్స్ వరుసగా ఉంటాయి, ఒక్కోటి 3.6 వోల్టులు, మొత్తం 18. అదే ప్యాక్‌ని నిండా చార్జ్ చేసి మీటర్ పెడితే 20 దాటి చూపిస్తుంది. డీవాల్ట్ వాళ్ళు అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ అని అమ్మేది, మరో చోట 18 వోల్టులని అమ్మేది ఇదే, లోపల తేడా లేదు. 12 వోల్టులవి కూడా అంతే, మూడు సెల్స్, అసలు లెక్క 10.8. కాబట్టి 20 రాసింది 18 కంటే బలమైనది అనుకోకండి. ఇక ఆన్‌లైన్‌లో 48, 88 అని పెద్ద అంకెలు అచ్చువేసి, మకీటా రంగులో, మకీటా ఆకారంలో వచ్చే పేరు లేని మిషన్లున్నాయి చూశారా, వాటి బ్యాటరీ విప్పితే లోపల అవే ఐదు సెల్స్ కనిపిస్తాయి. మా కుర్రాడొకడు ముచ్చటపడి కొన్నాడు, నేనే విప్పి చూపించాను, పాపం వాడి మొహం వాడిపోయింది.

ఆంపియర్ అవర్ (ఏహెచ్) అంటే బ్యాటరీ ఎంత సేపు వస్తుందన్న లెక్క ఒక్కటే అనుకునేవాణ్ణి. అది సగమే నిజం. 2 ఏహెచ్ బ్యాటరీలో ఒక్క వరుస, ఐదు సెల్స్. మామూలు 4, 5 ఏహెచ్ వాటిలో రెండు వరుసలు, పది సెల్స్. గట్టి పని పడినప్పుడు ఆ బరువుని రెండు వరుసలు పంచుకుంటాయి, సెల్స్ తక్కువ వేడెక్కుతాయి, మిషన్ ఊపిరాడనట్టు ఆగిపోదు. అందుకే అదే డ్రిల్‌కి 2 ఏహెచ్ పెట్టి హోల్‌సా (పెద్ద గుండ్రటి రంధ్రం కోసే బిట్) వేస్తే గింజుకుంటుంది, 4 పెడితే నడుస్తుంది. చిన్నది తేలిక, తల పైకెత్తి సీలింగ్ దగ్గర స్క్రూలు కొట్టేటప్పుడు నేను 2 వాడతాను, మెడ నొప్పి తగ్గుతుంది. రెండూ ఉండాలి.

డూప్లికేట్ బ్యాటరీలు పట్టుకోవడానికి నాకు తెలిసిన తేలికైన దారి తూకం. ఈ ప్యాకుల్లో ఉండే మామూలు గుండ్రటి సెల్ (18650 అంటారు) ఒక్కోటి 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. పది సెల్స్ ఉంటే సెల్స్ బరువే 450 గ్రాములు, పైన డబ్బా, బోర్డు కలిపితే ఇంకా పెరగాలి. 6 ఏహెచ్ అని రాసి ఉన్న ప్యాక్ కిరాణా కొట్టు కాటా మీద పెడితే 400 గ్రాములే తూగిందంటే దాని మీద రాసింది అబద్ధం.

ఒక బ్రాండ్ బ్యాటరీని ఇంకో బ్రాండ్ మిషన్‌కి తగిలించే అడాప్టర్లు కూడా వస్తున్నాయి. వాడకండి అనే చెబుతాను. బ్యాటరీ మరీ అడుగంటకుండా ఆపే రక్షణ కొన్ని కంపెనీలకు బ్యాటరీలో ఉంటుంది, కొన్నింటికి మిషన్‌లో ఉంటుంది, మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెడితే ఆ రెండూ మాట్లాడుకోవు. సెల్స్ పూర్తిగా ఎండిపోయేదాకా మిషన్ లాగేస్తుంది, ఆ తర్వాత చార్జర్ ఆ బ్యాటరీని తీసుకోదు.

అన్నీ బ్యాటరీవే కొనాలా? వద్దు. ఇది లెక్కేసి చూపిస్తాను. 18 వోల్టులు, 5 ఏహెచ్ అంటే 90 వాట్ అవర్లు. గ్రైండర్‌తో గట్టిగా నొక్కి కోస్తే 700 వాట్ల దాకా లాగిందనుకోండి, ఎనిమిది నిమిషాలు కూడా రాదు. అదే బ్యాటరీతో డ్రిల్ మీద స్క్రూలు కొడితే పూట గడిచిపోతుంది, ఎందుకంటే ఒక్కో స్క్రూకి మిషన్ తిరిగేది రెండు మూడు క్షణాలే. కాబట్టి ఆగి ఆగి చేసే పనికి బ్యాటరీ, ఆపకుండా తిప్పే పనికి వైరు. నా దగ్గర గ్రైండర్, మార్బుల్ కటింగ్ మిషన్, చెక్క అంచులు చెక్కే రూటర్ ఇప్పటికీ వైరువే. ప్లైవుడ్ షీట్లు కోసేది కూడా కింద పార్కింగ్‌లో, కరెంట్ బాక్స్ పక్కన టేబుల్ వేసి వైరు మిషన్‌తోనే. పైకి తీసుకెళ్ళేవి మాత్రం బ్యాటరీవి. కొత్త అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ నడవదు, ఫ్లోర్‌కి ఒక్క తాత్కాలిక లైను, దానికి పది మంది ఎక్స్‌టెన్షన్ బాక్సులు, ఎవరో టైల్స్ మిషన్ ఆన్ చేయగానే అందరికీ ట్రిప్. అక్కడ బ్యాటరీ డ్రిల్ విలువ తెలుస్తుంది.

గోడల మాట కూడా చెప్పాలి. పాత ఇళ్ళలో ఇటుక గోడ, అక్కడ 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్ హాయిగా దిగుతుంది. మధురవాడ వైపు కొత్త టవర్లు చాలావరకు మైవాన్, అంటే గోడే కాంక్రీట్. ఆ గోడల మీద మామూలు ఇంపాక్ట్ డ్రిల్ పెట్టి నొక్కితే బిట్ ఎర్రబడుతుంది, భుజం లాగుతుంది, రంధ్రం మాత్రం పడదు, ఏ బ్రాండ్ అయినా ఇంతే. ఆ డ్రిల్‌లో రెండు పళ్ళచక్రాలు ఒకదాని మీద ఒకటి గిలకొడతాయి, దెబ్బ బలం మీరు నొక్కేదాన్ని బట్టే ఉంటుంది. కాంక్రీట్‌కి వాడే ఎస్‌డీఎస్ హామర్ డ్రిల్‌లో అలా కాదు, లోపల పిస్టన్ గాలిని అదిమి సుత్తిని కొడుతుంది, మీరు ఊరికే పట్టుకుంటే చాలు. అందుకని మైవాన్ ఫ్లాట్ల పని చేసేవాళ్ళు కిట్ కొనేటప్పుడే ఎస్‌డీఎస్ హామర్ బాడీ (బ్యాటరీ లేని ఒట్టి మిషన్) ఆ బ్రాండ్‌లో ఉందా, ధర ఎంత అని చూసుకోండి. నేను మొదట్లో ఇది చూసుకోకుండా ఇంపాక్ట్ డ్రిల్‌తోనే ఒక కిచెన్‌కి ముప్పై రంధ్రాలు వేయాలని పట్టుబట్టి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

12 వోల్టుల చిన్న డ్రిల్‌ని చాలామంది బొమ్మలా చూస్తారు. నా సంచిలో ఎక్కువ పని చేసేది అదే. ఈ 12 వోల్టుల బాష్ జీఎస్‌ఆర్ 120 టార్క్ 30 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు), 18 వోల్టుల జీఎస్‌బీ 180 ది 54. హింజ్ స్క్రూ పార్టికల్ బోర్డులోకి దిగడానికి 30లో పావు వంతు కూడా అక్కర్లేదు. ఎక్కువ బలం పెడితే స్క్రూ అక్కడే గిర్రున తిరిగి రంధ్రం గుల్ల అయిపోతుంది, ఆ బోర్డులో ఒకసారి గుల్ల అయితే మళ్ళీ పట్టు రాదు. మూతి దగ్గర నంబర్లున్న రింగు ఉంటుంది చూడండి, చిన్న నంబర్ మీద పెట్టి, చాలకపోతే ఒక్కో నంబర్ పెంచుకుంటూ పోవాలి. కొత్త కుర్రాళ్ళకు నేను మొదటి వారం నేర్పేది ఇదొక్కటే. ఇంపాక్ట్ డ్రైవర్ (దెబ్బ కొడుతూ స్క్రూలు బిగించే మిషన్) ఇవ్వను, దానికి ఆ రింగు ఉండదు, చెవులు చిల్లులు పడే చప్పుడు కూడా, మనుషులు కాపురం ఉన్న ఫ్లాట్లో మధ్యాహ్నం అది మోగిస్తే పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొడతారు. పొడవాటి స్క్రూలకు, బోల్టులకు మాత్రం దానికి సాటి లేదు.

మిగతా బ్రాండ్ల మీద నా అభిప్రాయం క్లుప్తంగా. మకీటా 18 వోల్టుల లైను 2005లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది, మిషన్ల రకాలు చాలా ఎక్కువ, వాళ్ళ ఫ్యాన్ ఉన్న ఫాస్ట్ చార్జర్ 5 ఏహెచ్‌ని 45 నిమిషాల్లో నింపుతుంది, ఆ విషయంలో నాకు అసూయే. అయితే వాళ్ళదే 40 వోల్టుల లైను వేరు, ఆ బ్యాటరీ 18 మిషన్‌కి పట్టదు, కొనేటప్పుడు కలిపేయకండి. డీవాల్ట్ గట్టి మిషన్లు, మెటల్ పని, ఫ్యాబ్రికేషన్ చేసే మా ఆటోనగర్ మిత్రులు దాన్నే పట్టుకుని ఉన్నారు. హైకోకి అంటే కొత్త కంపెనీ కాదు, పాత హిటాచీ పవర్ టూల్సే, 2018లో పేరు మారింది. వాళ్ళ మల్టీవోల్ట్ బ్యాటరీ 36 మిషన్‌కీ 18 మిషన్‌కీ రెండింటికీ పనిచేస్తుంది, ఆ ఆలోచన నాకు బాగా నచ్చింది. ఇంగ్కో, టోటల్ లాంటివి ధర తక్కువ, అప్పుడే పని మొదలుపెట్టిన కుర్రాళ్ళు తీసుకుంటే నేను వద్దనను, కానీ పైన చెప్పిన విడి బ్యాటరీ ప్రశ్న అడిగాకే తీసుకోండి. బాష్‌లో నేను చూసుకున్నది ఏంటంటే, నీలం రంగు 18 వోల్టుల మిషన్లు, బ్యాటరీలు 2008 నుంచి వచ్చినవన్నీ ఒకదానికొకటి సరిపోతాయి. పాత మిషన్ ఉన్నా కొత్త బ్యాటరీ కొనుక్కోవచ్చు. ఆకుపచ్చ రంగువి ఇంటి వాడకం లైను, దాని బ్యాటరీ వేరు.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్ళకు ఒక మాట. మన ఊళ్ళో ఇంటికొకరు అక్కడ ఉన్నారు, వచ్చేటప్పుడు మిషన్ తెమ్మని చెప్పడం మామూలే. మా బావమరిది ఒక కిట్ తెచ్చాడు, ఎంతో ప్రేమగా. ల్యాప్‌టాప్ చార్జర్ ఇక్కడా అక్కడా పనిచేస్తుంది కదా అని ఇదీ అంతే అనుకుని పిన్ మార్చి ప్లగ్‌లో పెట్టాను, టప్ మని శబ్దం, వాసన. అక్కడి చార్జర్ 120 వోల్టులది, మన ఇళ్ళల్లో 230. తెప్పించుకుంటే బాడీ మాత్రం తెప్పించుకోండి, చార్జర్ ఇక్కడే కొనండి. ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో కూడా ముందే కనుక్కోండి.

మన వాతావరణం కూడా బ్యాటరీలకు అనుకూలం కాదు. రుషికొండ, భీమిలి రోడ్డు మీద సముద్రం వైపు ఫ్లాట్లలో నెల రోజులు పనిచేస్తే చక్ మీద తుప్పు కనిపిస్తుంది, బ్యాటరీ పట్టుకునే రాగి రేకుల మీద పచ్చగా పొర కడుతుంది. పొర కడితే కరెంట్ సరిగ్గా పారదు, అక్కడ వేడి పుడుతుంది, మనం బ్యాటరీ పోయిందనుకుంటాం. వారానికోసారి పొడి గుడ్డతో ఆ రేకులు తుడుస్తాను, చక్‌కి ఒక చుక్క నూనె, రేకులకు మాత్రం నూనె పెట్టను. మే నెలలో బండి డిక్కీలో బ్యాటరీలు వదిలేయకండి. వాడి వాడి చెయ్యి కాలేంత వేడిగా ఉన్న బ్యాటరీని అలాగే చార్జర్‌లో పెట్టినా ఎక్కదు, చార్జర్ లైటు మెరుస్తూ ఉంటుంది, అది చెడిపోవడం కాదు, చల్లబడేదాకా ఆగుతోంది. నీడలో పావుగంట ఉంచి పెట్టండి. వర్షాకాలంలో పని లేక మిషన్ నెలల తరబడి పక్కన పెట్టాల్సి వస్తే బ్యాటరీని సగం చార్జ్‌తో ఉంచండి, పూర్తిగా ఖాళీ చేసి పెట్టకండి.

కొనే పద్ధతి నాది ఇది. మొదట డ్రిల్, రెండు బ్యాటరీలు, చార్జర్ ఉన్న కిట్. ఆ తర్వాత బాడీలు మాత్రమే, అవసరం పడిన కొద్దీ ఒక్కొక్కటి. షాపులో సోలో అని అడిగితే బ్యాటరీ లేని పెట్టె ఇస్తారు, ధర బాగా తగ్గుతుంది. నాలుగో మిషన్ కొనేసరికి మనం ఆ బ్రాండ్‌కి కట్టుబడిపోతాం, అందుకే మొదటి కిట్ రోజునే ఇంత ఆలోచించమంటున్నాను. జీఎస్టీ బిల్లు తీసుకోండి, సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించండి, బ్యాటరీకి వారంటీ ఎంత అని విడిగా అడగండి, మిషన్‌కి చెప్పింది బ్యాటరీకి కూడా అనుకోకండి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలు తగ్గినా నేను షాపులోనే కొంటున్నాను, బల్ల మీద పెట్టి తిప్పి చూపించమంటాను, చక్ వణుకుతుందేమో ఒక పొడవాటి బిట్ పెట్టి చూస్తాను. విసుక్కోకుండా చూపించే షాపతనికే మళ్ళీ వెళ్తాను.

నాకు ఇప్పుడు కావాల్సింది జిగ్‌సా (సన్న బ్లేడుతో వంపులు కోసే రంపం మిషన్) బాడీ. సింక్, హాబ్ (కౌంటర్‌లో దించే గ్యాస్ స్టవ్) కటింగ్‌లు పైన ఫ్లాట్లోనే చేయాల్సి వస్తోంది, దానికి ప్రతిసారీ వైరు లాగడం ఇబ్బందిగా ఉంది. ఎండాడ సైట్ డబ్బులు చేతికి రాగానే వెళ్ళి 4 ఏహెచ్ బ్యాటరీతో రెండు అంగుళాల కౌంటర్ చెక్క మీద పెట్టి చూడాలి, ఎన్ని కిచెన్లకు వస్తుందో ఒక నెల వాడాక దీని కిందే రాస్తాను.